కాలువ దాటిన గాభరా సిస్టరు

ఆమెకు ఆ పేరు ఎవరు పెట్టారో ఎవరికీ గుర్తులేదు. నగర ఆరోగ్యశాఖ ఆఫీసులో అటెండరు మొదలు పెద్ద డాక్టరమ్మ దాకా అందరికీ ఆమె గాభరా సిస్టరే. మధ్యలో ఆగిపోతుందని లిఫ్టు ఎక్కదు. ఫోను మోగితే "అయ్యో, ఎవరికేమైంది?" అంటూనే ఎత్తుతుంది. ఆమె భర్త బస్సు డిపోలో మెకానిక్కు. పెళ్ళయిన కొత్తలో సరదాపడి తలుపు చాటు నుంచి "భౌ" అన్నాడట. చేతిలోని పాలగిన్నె ఎగిరి అతని నెత్తినే పడింది. అప్పటినుంచీ ఆయన ఇంటికొచ్చేటప్పుడు వీధి మలుపులోనే దగ్గుతూ వస్తాడు, పెళ్ళాం ఉలిక్కిపడకుండా.

ఇంత పిరికి మనిషి నర్సు ఎలా అయిందని అందరూ అడిగేవారు. తల్లి మంచాన పడ్డప్పుడు రోజూ సూది వేసే దిక్కులేక, తానే నేర్చుకుంది. అదే ఉద్యోగమైంది. పసిపిల్లల టీకాల గదిలో ఏళ్ళ తరబడి పనిచేసింది. లోపల గుండె ఎంత కొట్టుకున్నా, సూది పట్టిన చెయ్యి మాత్రం వణికేది కాదు. తల్లులు ఏరికోరి ఆమె దగ్గరికే పిల్లల్ని తెచ్చేవారు.

అలా గడిచిపోతున్న బతుకులోకి మహమ్మారి వచ్చిపడింది.

ఇంట్లో అత్తగారికి ఉబ్బసం. కాస్త చలి తగిలితే చాలు, ముసలావిడ రొమ్ములో పిల్లనగ్రోవి మోగుతుంది. "ఈ జబ్బు మా అత్తయ్యకి గానీ అంటుకుంటే..." అని మొదలుపెట్టేది సిస్టరు. ఆ మాట ఎప్పుడూ పూర్తి చేసేది కాదు. డ్యూటీ నుంచి వచ్చి పెరటి గుమ్మంలోనే బట్టలు మార్చుకునేది, చర్మం మండేదాకా చేతులు రుద్దుకునేది, వెనక గదిలో ఒక్కతే పడుకునేది. కూతురు కిటికీ అవతల నిలబడి పాఠాలు అప్పజెప్పేది. మొగుడు వీధి మలుపులో దగ్గితే ఇప్పుడు మునుపటి కన్నా ఎక్కువ హడలిపోతోందని, పాపం, ఆయన ఆ దగ్గు మానేసి ఈల వేయడం నేర్చుకున్నాడు.

టీకా వచ్చిందనగానే గండం గడిచిందనుకుంది సిస్టరు. ఆఫీసు హాల్లోనే టీకాలు వేసేవారు. జనం పొద్దున్నే కార్లలో, స్కూటర్ల మీద వచ్చి వరస కట్టేవారు. అంతా సజావుగానే నడుస్తున్నట్టు కనిపించింది. ఒకరోజు డాక్టరమ్మ అందర్నీ మేడమీద గదిలోకి పిలిచేదాకా.

గోడకి నగరం మ్యాపు వేలాడుతోంది. చనిపోయినవాళ్ళకి నల్ల చుక్కలు, టీకా వేసుకున్నవాళ్ళకి పచ్చ చుక్కలు. మధ్యలో నీలం గీత, అది కాలువ. కాలువకి ఇవతల అంతా పచ్చగా ఉంది. అవతల నల్లగా ఉంది. చిన్నపిల్లలు కూడా చూసి చెప్పగలిగేంత విడివిడిగా ఉన్నాయి రంగులు.

"అడిగినవాళ్ళకి ముందిచ్చాం," అంది డాక్టరమ్మ. ఆమె గొంతు బొంగురుపోయి ఉంది. "ఫోన్లో పేరు నమోదు చేసుకోగలిగినవాళ్ళకి, పనికి సెలవు పెట్టి నిలబడగలిగినవాళ్ళకి ఇచ్చాం. చచ్చిపోతున్నది వాళ్ళు కాదు. అందరికీ ఒకటే తలుపు తెరిచి, సమానంగా చేశామని మురిసిపోయాం. ఆ తలుపుదాకా రాలేనివాళ్ళ సంగతి మనకి పట్టలేదు. రేపట్నుంచి మనమే వాళ్ళ తలుపు దగ్గరికి పోవాలి."

కాలువ అవతల ఉన్నవి లాండ్రీలు. నగరంలోని ఆస్పత్రుల దుప్పట్లూ హోటళ్ళ దుప్పట్లూ అక్కడికే మూటలు మూటలుగా వెళ్ళి, ఉతికి, ఇస్త్రీ అయి, మడతలుగా తిరిగొస్తాయి. మహమ్మారి మొదట్లో ఆ మూటలతోనే జబ్బు కూడా వాళ్ళ ఇళ్ళల్లో దిగింది. అక్కడికి ఎవరు వెళ్తారంటే ఒకామెకి నెలలు నిండుతున్నాయి, ఇంకొకాయన జ్వరంతో పడున్నాడు. డాక్టరమ్మ చూపు తిరిగి తిరిగి గాభరా సిస్టరు మీద ఆగింది.

"నేనా మేడమ్? నాకు... నాకు భయం మేడమ్."

"నాకూ భయమే సిస్టర్. భయం లేనివాళ్ళ కోసం చూస్తూ కూర్చుంటే ఈ ఏడాది గడిచిపోతుంది."

ఇంటికొచ్చి ఆ సంగతి చెబితే మొగుడు అమ్మ గది వైపు చూశాడు. అత్తగారే తలుపు అవతలి నుంచి అంది: "వెళ్ళు అమ్మాయ్. నన్ను చూసి ఆగిపోయావని నలుగురూ అనుకుంటే నాకు ఊపిరాడకపోవడం అప్పుడు మొదలవుతుంది."

మర్నాడు వ్యాను కాలువ వంతెన ఎక్కుతుంటే సిస్టరు ఒళ్ళో మందుపెట్టె పెట్టుకుని కళ్ళు మూసుకుంది. డ్రైవరు నోరున్న మనిషి. "కళ్ళు మూసుకున్నా వంతెన వస్తుందమ్మా," అన్నాడు. "నేను కూడా మూసుకుంటే మాత్రం కాలువ వస్తుంది."

అవతల వీధులు ఇరుగ్గా, ఆవిరి కమ్ముకుని ఉన్నాయి. ఇంటి నుంచి ఇంటికి తీగలు, తీగల మీద తెల్ల దుప్పట్లు. వ్యాను ఆగిన చప్పుడు వినగానే దుప్పట్ల వెనక మనుషులు కదిలారు, గడియలు పడ్డాయి. మైకులో ఎంత పిలిచినా ఒక్క తలుపు తెరుచుకోలేదు. రెండో రోజూ అంతే, మూడో రోజూ అంతే. సిస్టరుకి లోపల్లోపల కాస్త హాయిగా కూడా అనిపించింది. ఎవరూ రాకపోతే ఎవరినీ ముట్టుకోనక్కర్లేదు. అలా అనిపించినందుకు మళ్ళీ తనని తానే తిట్టుకుంది.

నాలుగో రోజు ఒకావిడ బయటికి వచ్చింది. మనిషి ఎత్తుగా, చేతులు బలంగా ఉన్నాయి. ముంజేతుల మీద పాత వాతలు. పెద్ద లాండ్రీలో ఇస్త్రీ విభాగానికి మేస్త్రి ఆమె. వీధంతా మేస్త్రమ్మ అంటారు, ఆమె గీసిన గీత దాటరు. వ్యానుకి దూరంగా నిలబడి నడుము మీద చేతులు పెట్టుకుంది.

"ఎందుకొస్తారమ్మా రోజూ? మాకు పనులున్నాయి. మీ బండి చూసి పిల్లలు మంచాల కింద దూరుతున్నారు."

"టీకా అక్కా... మీ మంచికే..."

"ఇంతకుముందు వచ్చిన బండి కూడా మంచికే వచ్చింది. మా ఆయన్ని ఎక్కించుకుపోయింది. నడుచుకుంటూ ఎక్కాడు మనిషి. మళ్ళీ రాలేదు. ఉన్నాడో పోయాడో, పోతే ఎక్కడ పెట్టారో, ఒక్క మాట చెప్పిన పాపాన పోలేదు. ఆస్పత్రి గేటు దగ్గర నన్ను గుమ్మం తొక్కనివ్వలేదు. ఈ వీధిలో అలాంటివాళ్ళం చాలామందిమి ఉన్నాం."

సిస్టరు జేబులోని కాగితం తడుముకుంది. ఏం చెప్పాలో ఆఫీసులో నేర్పించారు, కాగితం మీద రాసిచ్చారు. అవేవీ ఈ మాటకి జవాబు కావు. చివరికి ఉన్నదే చెప్పేసింది. "నాకు తెలీదక్కా. నేనూ భయంతోనే వచ్చాను. ఇంట్లో ఉబ్బసం మనిషి ఉంది. రోజూ మీ వంతెన దాటేటప్పుడు నా పై ప్రాణాలు పైనే పోతున్నాయి."

మేస్త్రమ్మ ఆమెను ఎగాదిగా చూసి ఫక్కున నవ్వింది. "సూది వేసేదానికే ఇంత భయమైతే వేయించుకునేవాళ్ళ గతేంటి?" తర్వాత నవ్వు ఆపేసింది. "సరే. ముందు నాకు వెయ్యి. నాకేమన్నా అయితే?"

"నేనుంటాను," అంది సిస్టరు. ఆ మాట ఎలా వచ్చిందో ఆమెకే తెలీదు.

జ్వరముందా, దగ్గుందా అని అడిగింది. లేదంది మేస్త్రమ్మ. టీకా వేయించుకుని, దుప్పట్ల మధ్య కుర్చీ వేయించుకుని, వీధికంతటికీ కనిపించేలా దర్జాగా కూర్చుంది. దుప్పట్ల వెనక నుంచి ఒక్కొక్క తలకాయ బయటికి వచ్చింది. "రేపు మేమూ వస్తాం," అన్నారు కొందరు. తిరుగుదారిలో డ్రైవరు పాటలు కూడా పాడాడు.

మర్నాడు వ్యాను ఆగేసరికి వీధి నిండా మనుషులున్నారు. వరసలో లేరు. గుంపుగా ఉన్నారు.

"తెల్లారుజాము నుంచి జ్వరం! ఆయాసం! ఏం ఎక్కించావే మా అక్కకి?" మేస్త్రమ్మ చెల్లెలు జుట్టు విరబోసుకుని వ్యాను తలుపు మీద గుద్దింది. డ్రైవరు అద్దాలు ఎక్కించాడు. "కదలకమ్మా, వెనక్కి తిప్పేస్తాను," అన్నాడు గొంతు తగ్గించి. తిప్పేస్తే బాగుండుననే అనిపించింది సిస్టరుకి. కానీ చక్రాల ముందూ వెనకా జనం ఉన్నారు, పైగా తాను నిన్న అన్న మాట ఒకటుంది.

దిగింది. ఎవరో రెక్క పట్టుకున్నారు. ఇంకెవరో తోశారు. ఒక గదిలోకి నెట్టి, "ఉంటానన్నావుగా? ఉండు. మా అక్క లేచి నడిస్తేనే నువ్వు బయటికి," అని చెల్లెలు బయట గడియ పెట్టింది.

చిన్న గది. ఒక మంచం, ఒక బీరువా, గోడవారగా ఇస్త్రీబల్ల. కిటికీ మూసేసి ఉంది. మంచం మీద మేస్త్రమ్మ ఒక పక్కకి ఒరిగి, నోటితో గాలి పీలుస్తోంది. గది తలుపుకి వీపు ఆనించి నిలబడిపోయింది సిస్టరు. లోపలి గాలంతా జబ్బేనని తెలుసు. ముఖానికి ఉన్న మాస్కు వరదకి అడ్డుపెట్టిన పరదాలా తోచింది. అత్తగారు గుర్తొచ్చింది, కిటికీ అవతల కూతురు గుర్తొచ్చింది. గట్టిగా ఏడవాలనిపించింది. ఏడిస్తే ఇంకా గాలి పీల్చాలి కదా అని అదీ మానేసింది.

ముందు వెళ్ళి కిటికీ తెరిచింది. తర్వాత జేబులోంచి ఆక్సిజను మీటరు తీసి మేస్త్రమ్మ వేలికి తగిలించింది. అంకె ఉండాల్సిన దానికన్నా బాగా కింద ఉంది.

"అక్కా, టీకాకి జ్వరం వస్తుంది, ఒళ్ళు నొప్పులొస్తాయి. ఆయాసం రాదు. నిజం చెప్పు, ఎప్పట్నుంచి బాలేదు?"

మేస్త్రమ్మ కళ్ళు తెరిచి, మళ్ళీ మూసుకుంది. "సబ్బు వాసన... తెలీడం లేదు... కొన్నాళ్ళుగా. చెబితే... తీసుకుపోతారని చెప్పలేదు."

"బోర్లా పడుకో. నేను పట్టుకుంటాను." ముట్టుకోవాలి. ముట్టుకుంది. ఆ బలమైన మనిషిని రెండు చేతులా పట్టి తిప్పి, రొమ్ము కింద దిండు పెట్టింది. ఒళ్ళు నిప్పుల కుంపటిలా ఉంది. కాసేపటికి అంకె కొంచెం పైకి వచ్చింది. కొంచెమే.

"ఆస్పత్రికి వెళ్ళాలక్కా."

"పోను. పోతే... రాను."

"నేనూ వస్తాను. లోపలిదాకా వస్తాను." ఈ జబ్బు వార్డులో సిస్టరు ఇంతవరకూ అడుగు పెట్టలేదు. "నువ్వు లోపల ఉన్నన్నాళ్ళూ రోజూ వచ్చి చూస్తాను. చూసి, మీ చెల్లెలికి వచ్చి చెబుతాను. ఒట్టు."

మేస్త్రమ్మ ఒప్పుకోలేదు, కాదనీ అనలేదు. సిస్టరు తలుపు కొట్టింది. "అమ్మా చెల్లెమ్మా, నీకు నన్ను కొట్టాలనుంటే తర్వాత కొట్టు. ఇప్పుడు గడియ తియ్యి. ఇంకాసేపైతే అక్క మనకి దక్కదు." బయట గుసగుసలు, ఎవరిదో ఏడుపు. గడియ తీసిన చప్పుడు చాలాసేపటికి గానీ వినపడలేదు.

అంబులెన్సుకి ఫోన్ చేస్తే కాలువ అవతలికి ఇప్పట్లో రాదన్నారు. సిస్టరు డాక్టరమ్మకి ఫోన్ చేసింది. "ఆస్పత్రిలో మంచం నేను చూస్తాను, మనిషిని మీరు తీసుకురండి," అని పెట్టేసింది ఆవిడ. డ్రైవరు వ్యాను లోపలికీ బయటికీ చూసి, "ఇంట్లో ముగ్గురు ఆడపిల్లలున్నారమ్మా నాకు," అన్నాడు. ఆ తర్వాత ఇంకేమీ అనకుండా టీకా పెట్టెలు దింపి వెనక సీట్లు మడిచాడు.

ఆ వార్డు ఎలా ఉంటుందో సిస్టరు తర్వాత ఎవరికీ వివరంగా చెప్పలేదు. పొడవాటి హాలు, ముఖాలు కనపడని నర్సులు, గొట్టాల్లో బుడగల చప్పుడు అని మాత్రం చెప్పేది. ఒక మంచం మీద దుప్పటి తల మీదుగా కప్పి ఉంది. ఆ దుప్పటి అంచున కాలువ అవతలి లాండ్రీ ముద్ర ఉంది. అది మేస్త్రమ్మ కంట పడకుండా పక్కనే అడ్డంగా నడుస్తూ తీసుకుపోయింది. బయటికొచ్చి మెట్ల మీద కూర్చుండిపోయింది.

మర్నాడు వార్డు కిటికీ నుంచి చూసి, మేస్త్రమ్మతో నాలుగు మాటలు మాట్లాడి, కాలువ దాటింది. కుళాయి దగ్గర జనం దూరం దూరంగా నిలబడ్డారు.

"బతికే ఉంది," అంది సిస్టరు. "ముక్కుకి ఆక్సిజను పెట్టారు. మాట్లాడింది."

ఎవరి ముఖంలోనూ నమ్మకం లేదు. "బతికుందని మీరంటే సరిపోతుందా?" అన్నాడొక ముసలాయన. "ఏం మాట్లాడింది?"

సిస్టరు చెల్లెలి వైపు చూసింది. "చెప్పమన్న మాట ఒకటుంది. కొంచెం మోటుగా ఉంది."

"చెప్పు!"

"'ఆ దొంగమొహానికి చెప్పు, బీరువా తాళం పరుపు కింద లేదు, వెతికి నా పరుపు చించొద్దని' అంది."

చెల్లెలు ముఖం కందగడ్డయింది. రాత్రంతా ఆ తాళం కోసం పరుపు కిందే వెతికిందట, అక్కకి చీర పంపుదామని. ముందు ఒకామె కిసుక్కుమంది, తర్వాత వీధి వీధంతా గొల్లుమంది. చెల్లెలు నవ్వుతూనే కుళాయి గట్టు మీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. "అక్కే! మా అక్కే! ఆ మాట ఇంకెవరికీ రాదు!"

నవ్వులు సద్దుమణిగాక ముసలాయన ఒకడుగు ముందుకొచ్చాడు. "మా ఆవిడ కూడా అక్కడికే వెళ్ళింది సిస్టరమ్మా. చలికాలంలో. కాస్త కనుక్కుంటారా?" ఇంకొకామె కొడుకు గురించి అడిగింది. మరొకరు తండ్రి గురించి. సిస్టరు తల ఊపుతూనే ఉంది. చలికాలంలో వెళ్ళినవాళ్ళ వార్త ఎలాంటిదై ఉంటుందో ఆమెకి తెలుసు.

డాక్టరమ్మకి చెబితే ఆవిడ కుర్చీలోంచి లేచింది. "కాలువ ఇవతలివాళ్ళకి ఆస్పత్రులు రోజూ ఫోన్ చేస్తున్నాయి సిస్టర్. అవతలివాళ్ళవి నంబర్లే రాసుకోలేదా?" ఆ మధ్యాహ్నం ఆమె ఆస్పత్రుల పెద్దలతో ఫోన్లో అరిచిన అరుపులు కింది అంతస్తు దాకా వినపడ్డాయి. వారం తిరక్కుండా టీకా వ్యాను వెనకే ఇంకొక మనిషిని పంపడం మొదలుపెట్టింది ఆరోగ్యశాఖ, ఆస్పత్రిలో ఉన్నవాళ్ళ కబురు తేవడానికి. టీకాలు వేసే వేళలు కూడా లాండ్రీ షిఫ్టులు దిగే వేళకి మార్చారు. పేరు నమోదు లేదు, ఫోను అక్కర్లేదు. వచ్చి చెయ్యి చాపితే చాలు.

కబురు తెచ్చే మనిషిని వేసినా, వీధి మాత్రం గాభరా సిస్టరు నోటే వింటానంది. ముసలాయనకి భార్య సంగతి ఆమే చెప్పింది. ఆయన వినికిడి సరిగ్గా లేదు. పోయిందన్న మాట రెండుసార్లు, గట్టిగా అరిచి చెప్పాల్సి వచ్చింది. ఆ రోజు సిస్టరు ఇంటికి వెళ్ళి అన్నం ముట్టలేదు.

జనం వరస కట్టారు. అందరూ కాదు, కానీ తలుపులు తెరుచుకున్నాయి. ఈలోగా సిస్టరుకే జ్వరం వచ్చి, మేస్త్రమ్మని రోజూ చూసొచ్చే పని ఆ కబురు మనిషికి అప్పజెప్పింది. వెనక గదిలో గడియ పెట్టుకుని, వేలికి మీటరు పెట్టుకుని, అంకె మీద నుంచి చూపు తిప్పలేక, గోడ అవతల అత్తగారి ఊపిరి వింటూ పడుకుంది. ముసలావిడ దగ్గితే ఇక్కడ ఈమె లేచి కూర్చునేది. "అది పొలమారింది అమ్మాయ్, పడుకో," అనేది ఆవిడ అవతల్నుంచి. జ్వరం తగ్గి లేచేసరికి సిస్టరు సగమైంది. అత్తగారికి అంటలేదు. డ్రైవరుకి అంటింది, ఆయన చాలా రోజులు పడకేసి లేచాడు గానీ, ఆ తర్వాత పాట అందుకుంటే సగంలోనే ఊపిరి చాలక ఆగిపోయేవాడు. అది విన్నప్పుడల్లా సిస్టరు కిటికీ వైపు తిరిగి కూర్చునేది.

మేస్త్రమ్మ ఇంటికి తిరిగొచ్చింది. చేతుల్లో బలం లేదు, జుట్టు ఊడిపోయింది. వీధి గుమ్మంలో మంచం వేసుకుని, వచ్చేపోయేవాళ్ళని తిట్టడం మాత్రం మొదటి రోజే మొదలుపెట్టింది. సిస్టరు ఆమెను చూడటానికి ఒక సాయంత్రం వచ్చి, కూర్చోకుండా నిలబడింది. భర్త సంగతి తెలిసి చాలా రోజులైంది. ఒంట్లో బాగలేని మనిషికి ఎలా చెప్పాలని దాచి ఉంచింది. ఈ వీధిలో ఎన్నో ఇళ్ళకి చెప్పింది గానీ, ఈ గుమ్మం ముందు మాత్రం నేల చూపులు చూసింది.

మేస్త్రమ్మే అంది. "నీ ముఖం చూస్తే తెలుస్తోంది. పోయాడుగా?"

"అవునక్కా."

"ఎప్పుడు?"

"తీసుకెళ్ళిన వారానికే. నగరం వాళ్ళ శ్మశానంలో, ఉత్తరం గోడ పక్కన. చోటు నేను చూసొచ్చాను. నిన్ను తీసుకెళ్తాను."

మేస్త్రమ్మ మంచం మీది దుప్పటి అంచు మడతపెట్టి, విప్పి, మళ్ళీ మడతపెట్టింది. లాండ్రీ షిఫ్టు దిగిన ఆడవాళ్ళు దూరం నుంచే చూసి, అర్థం చేసుకుని, పక్క సందులోకి మళ్ళారు.

"దగ్గర ఎవరన్నా ఉన్నారా?"

"ఒక ఆయా ఉందట. ఆమెను వెతికి అడిగాను. నీళ్ళడిగితే పట్టిందట. తాగాడట."

"ఎంత తాగాడు?"

"అడగలేదక్కా," అంది సిస్టరు. "అడగడం తోచలేదు."

"అడిగి రా," అంది మేస్త్రమ్మ. "రేపు వచ్చేటప్పుడు అడిగి రా." అని మంచం మీద పక్కకి జరిగింది. సిస్టరు ఆ పక్కన కూర్చుంది. దుప్పట్లు ఆరుతున్న వీధిని చూస్తూ ఇద్దరూ వ్యాను హారను మోగేదాకా అలాగే ఉన్నారు.